చందమామ పునఃప్రారంభం - పాఠకుల అభిప్రాయాలు

చందమామ తెలుగునాట పేరెన్నికగన్న పిల్లల మాసపత్రిక. 1947 జూలైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి దీనిని మద్రాసు నుండి ప్రారంభించారు. 1998లో ఆగిపోయిన ఈ పత్రిక 1999 డిసెంబరులో మరల వెలువడింది. 2007లో యాజమాన్యం మారిన తరువాత మరొకసారి రూపు మార్చుకొని, 2013లో ఆగిపోయింది. ఈ మార్పులపై పాఠకులలో ఏర్పడిన భిన్నాభిప్రాయాలు అమెరికా సూపర్‌హీరో కామిక్స్‌లో "రీబూట్" గురించి జరిగే చర్చలను పోలి ఉంటాయి.

రీబూట్ అనగా

చాలాకాలంగా నడుస్తున్న కథను మొదటినుండి, సాధారణంగా కొత్త రచయిత, చిత్రకారులతో, తిరిగి చెప్పడాన్ని కామిక్స్ పరిభాషలో రీబూట్ అంటారు. డీసీ సంస్థ 1985-86లో మార్వ్ వుల్ఫ్‌మన్ రచన, జార్జ్ పెరెజ్ బొమ్మలతో "క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్" ప్రచురించి, తన కథాప్రపంచాన్ని సరికొత్తగా మొదలుపెట్టింది. 1986లో జాన్ బైర్న్ సూపర్‌మాన్ కథను మళ్ళీ మొదటినుండి చెప్పాడు. 2011లో అదే సంస్థ "న్యూ 52" పేరుతో 52 పత్రికలను ఒకటవ సంచిక నుండి ప్రారంభించింది. తమకు పరిచయమైన పాత్రల గతం చెరిగిపోయిందని అనేకమంది అభిమానులు బాధపడ్డారు. 2016లో "రీబర్త్" పేరుతో పాత అంశాలను కొన్నింటిని తిరిగి తెచ్చారు. భారతదేశంలో 2004లో వచ్చిన "స్పైడర్‌మాన్: ఇండియా" కూడా ఇటువంటి ప్రయత్నమే. ఇందులో పీటర్ పార్కర్‌కు బదులు ముంబైలో నివసించే పవిత్ర్ ప్రభాకర్ కథానాయకుడు. జీవన్ కాంగ్ దీని చిత్రకారుడు.

చందమామను తీర్చిదిద్దినవారు

1952 నుండి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు చందమామ సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించాడు. బయటినుండి వచ్చిన కథలను కూడా ఆయన పత్రిక శైలికి అనుగుణంగా తిరగవ్రాసేవాడు. అందువలన ఎవరు వ్రాసినా కథలన్నీ ఒకే గొంతుతో వినిపించేవి. సిబ్బంది వ్రాసిన వాటికి సాధారణంగా పేరు ఉండేది కాదు. "తోకచుక్క", "రాకాసిలోయ", "పాతాళదుర్గం" వంటి జానపద ధారావాహికలను వ్రాసినది దాసరి సుబ్రహ్మణ్యం అని చాలామంది పాఠకులకు ఎంతో కాలానికి గాని తెలియలేదు. ఎం.టి.వి.ఆచార్య, చిత్ర, వడ్డాది పాపయ్య (వపా), శంకర్ పత్రికకు బొమ్మలు వేసిన చిత్రకారులలో ముఖ్యులు. భుజాన శవంతో, చేత కత్తితో నడచే విక్రమార్కుని బొమ్మ శంకర్ వేసినదే.

పాఠకుల తీర్పు: ఒక పాత ఉదాహరణ

పత్రికలో మార్పును పాఠకులు తిరస్కరించడం 1999 తరువాతనే మొదలు కాలేదు. కుటుంబరావు కుమారుడు, రచయిత కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్రాసినదాని ప్రకారం, చక్రపాణికి దాసరి ధారావాహికలు అంతగా నచ్చేవి కావు. ఆయన పట్టుబట్టి వాటి స్థానంలో బంకించంద్ర ఛటర్జీ నవలను ధారావాహికగా వేయించాడు. పత్రిక అమ్మకాలు తగ్గడంతో మరల దాసరి చేతనే వ్రాయించవలసి వచ్చింది. బంకించంద్రుడు గొప్ప రచయితయే. కాని మాంత్రికులు, రాక్షసులు, సాహసయాత్రల కోసం ఎదురుచూసే బాలపాఠకులకు కావలసినది అది కాదు.

1999 తరువాతి మార్పులు

కార్మిక వివాదం కారణంగా 1998లో ప్రచురణ నిలిచిపోయింది. పునఃప్రారంభించినప్పుడు నాగిరెడ్డి కుమారుడు విశ్వనాథరెడ్డి సంపాదకునిగా కొనసాగాడు. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ సంస్థ పత్రికను కొనుగోలు చేసింది. పురాణ, జానపద కథలతోపాటు క్రీడలు, సాంకేతిక విషయాలు, వర్తమాన విశేషాలు చేర్చారు.

ఈ మార్పులపై అభిప్రాయాలు ముఖ్యంగా మూడు విధాలుగా ఉన్నాయి:

1. పాత పద్ధతినే ఉంచాలనేవారు. కథలే చందమామకు ప్రాణమని, సమాచారం ఇతర పత్రికలలోనూ దొరుకుతుందని వీరి వాదన.
2. మార్పు తప్పదనేవారు. టెలివిజన్, కంప్యూటర్ ఆటలు తెలిసిన పిల్లలకు నేటి జీవితం కూడా కనిపించాలని వీరంటారు. పాతదాన్ని కోరేవారు తమ బాల్యాన్ని కోరుకుంటున్నారే తప్ప నేటి పిల్లల గురించి ఆలోచించడం లేదని వీరి విమర్శ.
3. పాత కథలనే తిరిగి ప్రచురించాలనేవారు. మూలకర్తలతో పోటీపడడం కంటె వారి రచనలను అందుబాటులో ఉంచడం మేలని వీరి అభిప్రాయం.

పరిశీలన

పాత బృందం పోవడమే పత్రిక క్షీణతకు కారణమని తరచు అంటారు. ఇది పూర్తిగా సరికాదు. దాసరి సుబ్రహ్మణ్యం 2006 వరకు పత్రికలో పనిచేశాడు. శంకర్ ఆ తరువాత కూడా బొమ్మలు వేశాడు. అనగా 1999లో పత్రిక పేరుతోపాటు పాతవారిలో కొందరు కూడా తిరిగి వచ్చారు. చిత్ర (1978), కుటుంబరావు (1980), వపా (1992) మరణాలు పత్రిక ఆగిపోవడానికి ముందే జరిగాయి. పాఠకులు కోల్పోయామని భావించిన ఏకరూపత 1998కి చాలా ముందునుండే సడలిందని చెప్పవచ్చు.

అలాగే చందమామ ఎన్నడూ మారలేదనడం కూడా పొరపాటే. సంప్రదాయంగా వచ్చిన బేతాళ కథలు పాతికే. అవి అయిపోయిన తరువాత, వేరే కథలను అదే చట్రంలో ఇమిడ్చి దశాబ్దాలపాటు ప్రచురించారు. కథ చివర బేతాళుని ప్రశ్న, విక్రమార్కుని సమాధానం, మౌనభంగంతో శవం తిరిగి చెట్టెక్కడం మాత్రం మారలేదు. ఆ చట్రం నిలిచినంతకాలం లోపలి కథ కొత్తదైనా పాఠకులు ఆక్షేపించలేదు. దాసరి ధారావాహికల స్థానంలో పూర్తిగా వేరొక రకం రచన వచ్చినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. సూపర్‌హీరోల విషయంలోనూ ఇటువంటి తేడా కనిపిస్తుంది: వేషం మారినా సహించిన అభిమాని స్వభావం మారితే సహించడు.

ప్రస్తుత స్థితి

జియోడెసిక్ సంస్థ ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకొనడంతో 2013లో ప్రచురణ ఆగిపోయింది. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో, శంకర్ 2020లో మరణించారు. అభిమానులు పాత సంచికలను సేకరించి ఎలక్ట్రానిక్ రూపంలోనికి మార్చారు. నేటి పాఠకులలో చాలామందికి చందమామ పరిచయమవుతున్నది వాటి ద్వారానే.