‘నాకేం తక్కువమ్మా!’

ప్రశ్నాపత్రం పట్టుకుని పెద్దవాళ్ళున్న ఇంటికి వెళితే కుర్చీ వేసేది కోడలు, జవాబులు చెప్పేదీ కోడలే. “మా అత్తయ్యగారికేంటండీ, టైముకి తిండి, టైముకి మాత్రలు.” మంచం మీది మామ్మగారు “అవునమ్మా, నాకేం తక్కువ” అని తలూపుతారు. గోదావరి జిల్లాల్లో ఒక మెడికల్ కాలేజీ అధ్యయనాల కోసం ఇల్లిల్లూ తిరగడం నా ఉద్యోగం. ఈ మాట వినపడని వీధి లేదు. ఆ మాటకే ఫారంలో అయిదుకి అయిదు పడిపోతుంది.

వయసు పైబడ్డవాళ్ళ బతుకుని కొలిచే పాత పద్ధతుల్లో ఒకటి పనుల లెక్క. అమెరికాలో సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించిన పట్టికలో ఆరే అంశాలు: స్నానం, బట్టలు, దొడ్డికి వెళ్ళిరావడం, మంచం దిగడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, అన్నం తినడం. ఎవరి సాయమూ లేకుండా వీటిలో ఎన్ని చేసుకోగలరు? ఇంట్లో మనిషిని పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇప్పటికీ ఇంత సులువైన పట్టిక నాకు కనపడలేదు. కానీ ఆరుకి ఆరూ వచ్చిన పెద్దాయన పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూచుంటే ఆ సంగతి అందులో ఎక్కదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో మన ఢిల్లీ, మద్రాసులతో సహా చాలా దేశాల నగరాల్లో జనాన్ని అడిగి నూరు ప్రశ్నల పత్రం తయారు చేయించింది. తర్వాత దాన్ని 26కి కుదించారు. శరీరం, మనసు, చుట్టూ ఉన్న మనుషులు, ఉండే చోటు, అన్నీ అందులోకి వచ్చాయి. ముసలితనానికని 2005లో మరో 24 ప్రశ్నలు చేరాయి. చూపూ వినికిడీ, సొంత నిర్ణయాలూ, తోడూ, చావంటే భయమూ వీటిలో ఉన్నాయి.

ఆ 26లో ఒకటి దాంపత్య సుఖం గురించి. కొడుకు వరండాలో తిరుగుతుంటే, డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన్ని ఆడపిల్ల ఎలా అడుగుతుంది? కొత్తగా చేరినవాళ్ళు మధ్య గడిలో టిక్కు కొట్టేసి ముందుకెళ్ళిపోతారు. నేను అడుగుతాను. ఒకాయన నవ్వేసి, “ఆ గొడవ కాదమ్మా, రాత్రి మెలకువొస్తే మాట్లాడే మనిషి లేదు” అన్నారు. మధ్య గడి టిక్కులో ఆ మాట ఎక్కడుంటుంది?

ఇంకో చిక్కు. ఈ పత్రాలు గత రెండు వారాల గురించే అడుగుతాయి. కనుమ మర్నాడు అడిగితే ఒక స్కోరు, పిల్లలు హైదరాబాదు బస్సెక్కేశాక అడిగితే ఇంకొకటి. పైగా మనిషి సర్దుకుపోతాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినాయన ఏడాదికల్లా “అలవాటైపోయిందండీ” అని నాలుగు మార్కులు వేసుకుంటాడు. కొలవాల్సిన మనిషే తన కొలతని మార్చుకుంటాడన్న మాట. ఇంట్లోవాళ్ళకి అది కనపడదు. అందుకే మన ముందు అంతా బాగుందనే కోడలే, అత్తగారి తరఫున పత్రం తాను నింపాల్సి వస్తే తరచు ఆవిడకన్నా తక్కువ వేస్తుంది. అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ తేలిన విషయమిది.

నాకు నచ్చిన పద్ధతి ఐర్లండులో పుట్టింది. మీ బతుకులో ముఖ్యమైనవి ఏవో అయిదు మీరే చెప్పండి, వాటిలో దేనికెంత విలువో మీరే పంచండి, అంటుంది. అక్కడ దీనికి అయిదు రంగుల చక్రం తిప్పిస్తారు. నా దగ్గర చింతగింజలున్నాయి, ఇరవై.

మండపేట దగ్గర ఒక మామ్మగారి ముందు వాటిని పోశాను. ఇంట్లోవాళ్ళు పెరట్లో ధాన్యం ఎత్తుతున్నారు. మోకాళ్ళకి మూడు పెట్టారు. గుడికి రెండు. వీధరుగు మీద కూచోవడానికి మూడు. మనవరాలి ఫోనుకి నాలుగు. మిగిలిన ఎనిమిదీ అరచేతిలో కాసేపు ఆడించి పింఛను దగ్గర పెట్టారు. 1వ తారీఖున గ్రామ సచివాలయం వాళ్ళు తెచ్చిచ్చే 4000 అది. డబ్బుకి అంత ఇబ్బందిగా ఉందా అన్నాను.

“డబ్బుక్కాదే అమ్మాయ్. ఆ పిల్ల వచ్చినప్పుడు వంద చేతిలో పెట్టాలంటే మావాణ్ణి అడగాలి. నా వేలిముద్ర, వాడి జేబు.”

డాక్టర్లు మోకాళ్ళ గురించే అడుగుతారు. వాటికి పడ్డవి మూడు గింజలు. బ్రిటన్‌లో 2003లో వచ్చిన ‘కాస్ప్’ అనే 19 ప్రశ్నల పత్రం సరిగ్గా ఇక్కడే పట్టుకుంటుంది: జబ్బులు ఎన్నున్నాయని కాకుండా, మీ రోజు మీ చేతిలో ఎంతుంది, మీకు సంతోషం ఇచ్చేదేమిటి అని అడుగుతుంది.

ఆవిడ ఫారంలో ‘అవసరాలకి డబ్బు సరిపోతోందా’ అన్నచోట అప్పటికే అయిదు పడి ఉంది. అది రాసుకున్నప్పుడు కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ ప్రశ్న మళ్ళీ అడిగాను. రెండు వేయించుకున్నారు.