మాటలు మిగిలిన భాషలు

శీతకాలమున ఢిల్లీలోని ఖారీబావలీ అంగళ్లకు పోయినచో జీడిపప్పు బస్తాలు నోళ్లు తెరచుకొని వరుసగా కనిపించును. వర్తకులు దానిని ‘కాజూ’ అందురు. ఆ మాట హిందీది అనుకొనుట సహజము. కాని అది బ్రెజిలు సముద్రతీరమున తూపీ భాష మాటలాడిన జనులది. వారి ‘అకజూ’ పోర్చుగీసువారి నోట ‘కజు’ అయి, పదునారవ శతాబ్దిలో చెట్టుతోపాటు మన పడమటి తీరమున దిగినది. మనవారు తాము ముందే ఎరిగిన నల్లజీడిని తలచుకొని ఆ చెట్టుకు జీడిమామిడి అని సొంతపేరు పెట్టుకొనిరి. అనాసపండు విషయమున మాత్రము ఆ శ్రమ పడలేదు. అనాసయు తూపీ, గ్వారనీ జనుల మాటయే. అమెరికా అడవిలో పుట్టిన నుడి మన పెరటిలో తెలుగు వేషమున తిరుగుచున్నను మనమెవ్వరమును పోల్చుకొనలేదు.

తీరపు తూపీకి ఒకనాడు గౌరవమే ఉండెను. అంచియేతా అను జెసూట్ మతగురువు రచించిన దాని వ్యాకరణము 1595లో పోర్చుగల్లులోని కోయింబ్రాలో అచ్చయినది. వలసవచ్చిన తెల్లవారును బహుకాలము ఆ నుడినే వ్యవహరించిరి. పదునెనిమిదవ శతాబ్ది నడుమ పోర్చుగీసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ కుటుంబమున సుమారు డెబ్బది భాషలు లెక్కకు వచ్చును. వానిలో గ్వారనీ నేడు పరాగ్వేలో అధికారభాష. అకున్సూ అను మరియొక దాని గతి వేరు. 1995లో బ్రెజిలు ప్రభుత్వపు ఆదివాసిశాఖవారు రొండోనియా అడవిలో ఆ తెగను కలసికొనునాటికి మిగిలినవారు ఏడుగురే. భూస్వాముల మనుష్యులు తమవారిని కాల్చి చంపిరని వారు చెప్పిరి. 2016లో తెగపెద్ద కన్నుమూసిన పిమ్మట ముగ్గురు స్త్రీలు మిగిలిరి. వారి నుడినుండి కాజూవంటి మాట ఏదియు మన అంగళ్లకు రాలేదు.

ఇట్టి స్థితిని చూచుటకు సముద్రములు దాటి అంతదూరము పోనక్కరలేదు. ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిలో ఉండిన అన్వితా అబ్బీ గారు 2005 మొదలు గ్రేట్ అండమానీయుల భాషను గ్రంథస్థము చేయుటకు పూనుకొనిరి. 1858లో ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిరున ఖైదీల నివాసము నెలకొల్పునాటికి ఈ జనులు వేలకొలది ఉండిరి. పది భాషలు మాటలాడుచుండిరి. పోరాటములు కొంతయు, క్రొత్తరోగములు మిక్కుటముగను వారిని హరించినవి. 1961 జనగణనలో తేలినవారు పందొమ్మండుగురు. అబ్బీ గారు వెళ్లునాటికి జేరు, బో, ఖోరా, సారే అను నాలుగింటి ముక్కలు కలసిన మిశ్రభాష కొద్దిమంది వృద్ధుల నోట నిలిచియుండెను.

ఆ భాషలో ‘తల’ అని ఊరక అనుటకు వీలులేదు. ఎవరిదో తెలియవలెను, శరీరములో ఏ భాగమునకు చెందినదో తెలుపు ఉపసర్గ ముందుండవలెను. శరీరమును ఏడు మండలములుగా విభజించి, ప్రతిదానికి ఒక చిహ్నమును ఏర్పరచుకొనిరి: నోటికి ఒకటి, వ్రేళ్లకొనలకు ఒకటి, లోపలి అవయవములకు ఒకటి, ఇట్లు. వ్రేలు తెగి కారిన రక్తమునకు ఒక రూపము, శరీరము లోపల కారిన రక్తమునకు వేరొక రూపము. ఇంతటితో ఆగినచో వింత ఏమియు లేదనవచ్చును. కాని ఈ చిహ్నములు విశేషణములకును, క్రియలకును కూడ చేరును. మనిషి తన దేహమునే కొలబద్దగా చేసికొని లోకమునంతయు కొలిచిన వ్యాకరణమిది. మనకు విభక్తులు ఎంత సహజములో, వారికి ఇది అంత సహజము. మాట పరదేశమునకు పోగలదు. ఈ ఏర్పాటు మాటలాడువానితోనే పోవును.

బోవా అను వృద్ధురాలు బో నుడి ఎరిగిన చివరి మనిషి. తన మాటకు మారుమాట చెప్పువారు లేక ఆమె పక్షులతో మాటలాడుచుండెడిదని అబ్బీ గారు తెలిపిరి. 2010 జనవరి 26న, ఢిల్లీ రాజపథమున గణతంత్రదినోత్సవము జరిగిన నాడే, ఆమె మరణించెను. గ్రేట్ అండమానీ నిఘంటువు 2012లో వెలువడినది.

మన జనగణనపట్టికలలో ఇట్టి మరణము కనిపించదు. 1961లో 1652 మాతృభాషల పేర్లు అచ్చువేసిరి. 1971 నుండి పదివేలకు తక్కువమంది మాటలాడు భాషలను విడిగా చూపుట మానిరి. 2011 పట్టికలో నిలిచినవి 121. లెక్క తేలికయైనది, మిగిలినవన్నియు ‘ఇతరములు’ అను గదిలో చేరినవి.

ఈ కథలో తెలుగు పాత్ర ఏమన్న ప్రశ్న మనము వేసికొనుట అరుదు. ఆంగ్లమువలన, హిందీవలన మన భాషకు కలుగు హానిని గూర్చి వ్రాసినంతగా, మన్యమున తెలుగు మ్రింగిన నుడులను గూర్చి వ్రాయలేదు. గిడుగు రామమూర్తిగారిని వ్యావహారికభాషోద్యమమునకై ఏటేట స్మరింతుము. ఆయన పర్లాకిమిడిలో దశాబ్దములు శ్రమించి కూర్చిన సవర వ్యాకరణము (1931), నిఘంటువు (1938) చూచినవారు మనలో ఎందరు? అరకు ప్రాంతపు కొండభాషకు భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్ణనాత్మక వ్యాకరణము 1969లో హైదరాబాదున వెలువడినది. కొండదొరలలో అనేకులు అప్పటికే తెలుగునకు మారియుండిరి. మారుటకు సంతయు, బడియు, కచ్చేరియు చాలును.

కృష్ణమూర్తిగారు ఆ భాషలో ఒక విశేషమును చూపిరి. మూలద్రావిడమున సాధురేఫకు భిన్నమైన ధ్వని ఒకటి ఉండెను. తెలుగున అదియే శకటరేఫ, మన బండి ఱ. పూర్వకవులు ప్రాసలో ర, ఱలను కలుపుటకు ఒప్పుకొనలేదు; లాక్షణికులు ఏ మాటకు ఏ రేఫయో పట్టికలు వ్రాసిరి. మన నాలుక ఆ భేదమును ఎన్నడో విడిచినది. ఈ వ్యాసమున నేనును ‘ఎరిగిన’, ‘పదునారవ’ అని సాధురేఫతోనే వ్రాసితిని. కొండభాష మాటలాడువారు మాత్రము ఆ రెండు ధ్వనులను నేటికిని వేరువేరుగా పలుకుదురు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధన ఆరంభించినప్పుడు వారి పిల్లలకు తెలుగులిపిలో వాచకములు వచ్చినవి. మన అక్షరమాలలో పనిలేక కూర్చున్న ఱకు తగిన పలుకు ఆ పిల్లల ఇండ్లలో ఉన్నది.