తుపాకి ముస్తాబు

పుష్యమాసంలో పాలకొండ చుట్టుప్రక్కల పల్లెలకు పోయినవారికి అక్కడి చలి ఎటువంటిదో చెప్పనక్కరలేదు. ప్రొద్దు గుంకగానే నాగావళి మీదినుండి మంచు పొగవలె లేచి కళ్లాలను కమ్ముకొంటుంది. ఎండుకంపలు, తాటిమట్టలు పోగుచేసి చలిమంట వేసుకొని, ఉప్పునీళ్ళలో ఉడికిన కందికాయల గంపను మధ్య నుంచుకొని నలుగురు మిత్రులు చుట్టూ చేరినారంటే ఇక మాటలకు అంతుండదు. ఆ మాటలు ఆ ఏటి పంటతో మొదలై, పిల్లల పెళ్ళిసంబంధాలమీదుగా పోయి, రాత్రి ముదిరిన కొద్దీ అడవిపందుల దగ్గరకు చేరుకొంటవి.

మొన్నటి చలికాలంలో అటువంటి మంట దగ్గరనే మా మిత్రులొకరు చటుక్కున లేచి లోపలికి పోయి, పాతపంచెలో చుట్టిన వస్తువు నొకదానిని రెండు చేతులతో తెచ్చి మా ముందుంచినారు. అది వారి తాతగారినాటి మందు తుపాకి. పంటకాపలాకు తీసుకొన్న తుపాకి. లైసెన్సు కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నవి. ఏళ్ళ తరబడి దూలానికి వ్రేలాడి మసిబారినదానిని వారు ఆ సంవత్సరం ముస్తాబు చేయించినారు. కొయ్యకు నూనె పట్టించినారు. భుజానికి ఆనే భాగంమీద వడ్రంగిచేత లతలు చెక్కించినారు. ఇత్తడి రేకు తళతళలాడుతున్నది.

“ఎలాగున్నాడు బావా, పెళ్ళికొడుకు?” అన్నారు మాతో.

అందరూ నవ్వినారు. ఒక కుర్రవాడు ముచ్చటపడి దానిని అందుకొని, మంటవైపు వెలుగుకు త్రిప్పి, గొట్టం మూతికి కన్ను ఆనించబోయినాడు. వాకిట నిలబడిన మా మిత్రుని తల్లిగారు ఒక్క మాట అన్నారు:

“అందులో ఏటైనా ఉన్నాదేటి, ముందు సూడండి బాబూ.”

కుర్రవాడు చేయి వెనుకకు తీసినాడు. మిత్రులు మా ముఖం చూసినారు, మేము వారి ముఖం చూసినాము. ఆమె ప్రశ్నకు అక్కడ ఎవరివద్దనూ సమాధానం లేదు. ఎందుకు లేదో తెలియవలెనంటే ఆ తుపాకి నిర్మాణం కొంచెం తెలియవలె.

ఈనాటి తుపాకులలో తూటా వెనుకనుండి పోతుంది. వెనుకభాగం తెరిచి చూస్తే లోపల ఉన్నదీ లేనిదీ పసివాడైనా చెప్పగలడు. మందు తుపాకికి అటువంటి తలుపు లేదు. గొట్టం అడుగు మూసి ఉంటుంది. ఏది వేసినా మూతినుండే వేయవలె. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పొడిని మొదట పోస్తారు. దానిపై నారో, గుడ్డపీలికో పెట్టి, గజంతో, అనగా గొట్టం క్రింద ఒదిగి ఉండే పొడవాటి ఊచతో, అదుముతారు. రవ్వలు వేసి, అవి జారిపోకుండా మరొక పీలిక కూరుతారు. ఇంత జరిగిన తరువాత బయటనుండి చూస్తే, నిండు తుపాకికీ వట్టి తుపాకికీ ఆవగింజంత భేదం కనబడదు. నింపినవాడు మరచిపోతే ఆ సంగతి తుపాకి చెప్పదు. నింపినవాడు కాలం చేస్తే అసలే చెప్పదు.

ఇది పల్లెటూరివారి అజాగ్రత్త అని అనుకొనరాదు. 1863 జూలైలో, అమెరికా అంతర్యుద్ధంలో, గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిసిన పిమ్మట రణరంగంమీద పోగుచేసిన సుమారు 27,000 తుపాకులను పరీక్షించినారు. దాదాపు 24,000 తుపాకులు నిండి ఉన్నవి. వాటిలో సుమారు 12,000 తుపాకులలో ఒకదానిపై ఒకటిగా రెండేసి పర్యాయాలు మందు దట్టించి ఉన్నది. ఒకదానిలోనైతే 23 పర్యాయాలు! కవాతు నేర్చిన సిపాయిలే ఆ గందరగోళంలో తమ తుపాకి పేలినదో లేదో ఎరుగక మళ్ళీ మళ్ళీ కూరుకొంటూ పోయినారు. అటువంటి తుపాకి పేలినప్పుడు గొట్టమే చీలుతుంది. అది చీలేది శత్రువు దగ్గర కాదు, కాల్చినవాని చెంప దగ్గర.

ఇక దానికి నిప్పు అందించే ఏర్పాటు మరొక కథ. మొదట జామగి అనే నిప్పుత్రాడు ఉండేది. తరువాత చెకుముకిరాయి వచ్చినది. గొట్టం ప్రక్కన చిన్న దొన్నెలో రంజకం, అనగా అంటించే మందు, పోస్తే, నిప్పు దానికి తగిలి, సన్నని బెజ్జంగుండా లోపలి మందుకు ప్రాకుతుంది. 1757 జనవరి 24న, ఇటువంటి చలికాలంలోనే, బుస్సీ దొర పటాలమూ, విజయనగర ప్రభువు విజయరామరాజు సేనలూ బొబ్బిలి కోటను చుట్టుముట్టిననాడు లోకంలో ఉన్న తుపాకులు చాలావరకు ఈ రెండు తరగతులవే. మంచు పడి రంజకం చెమ్మగిల్లితే, ఎంతటి వీరుని చేతిలోనైనా అది వట్టి కర్ర.

ఆ కర్మను తప్పించినవాడు సేనాధిపతి కాడు. స్కాట్లండు దేశపు పాదిరీ ఒకడు. అతని పేరు అలెగ్జాండర్ ఫోర్సైత్. నీటిపక్షుల వేట అతనికి వ్యసనం. చెకుముకి రవ్వకు రంజకం భగ్గుమన్న వెలుగు పక్షుల కంటబడి, రవ్వలు చేరేలోగా అవి లేచిపోయేవట. దానితో విసుగెత్తి, దెబ్బ తగిలితేనే పేలే రసాయనాన్ని తన తుపాకికి అమర్చుకొని, 1807లో పేటెంటు పొందినాడు. అది క్రమంగా చిన్న రాగిటోపీ రూపు దాల్చి ప్రపంచంలోని సైన్యాలన్నిటికీ ప్రాకినది. మన మందు తుపాకుల మీటకొట్టు క్రింద పెట్టే టోపీ దాని సంతతియే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలాన విడిదిచేసే పెలికాన్ పక్షులను, వాటిని అతిథులుగా చూచుకొనే ఊరివారిని ఎరిగినవారికి ఈ పాదిరిగారిమీద కొంచెం కోపం రాక మానదు. అయినను, సరదాకు తన తుపాకిని సవరించుకొన్న మనిషి లోకాన్నే మార్చివేసిన ముచ్చట చెప్పక తప్పినది కాదు.

ఆ సరదా లోకంలో నేటికీ ఉన్నది. పోటీలలో గాలి తుపాకి పట్టేవారు భుజాని కానే కొయ్యనూ, చెంప ఆనే పలకనూ తమ దేహానికి సరిపోయేటట్లు వెండ్రుకవాసి తేడా లేకుండా సర్దుకొంటారు. అందుకు నియమాలున్నవి, కొలతలున్నవి. మన ప్రాంతంలో చెక్కడపు పనికి తక్కువేమీ లేదు. పనసమానును తొలిచి బొబ్బిలి వీణలు మలిచే చేతులున్న సీమ ఇది. మా మిత్రుని తుపాకి కొయ్యపై లతలు చెక్కినవాడు కూడా మంచి పనివాడే. కొయ్యపైన పని ఎంత చేసినా ఇబ్బంది లేదు. ఇనుము జోలికి పోయినప్పుడే వస్తుంది చిక్కు.

గొట్టం పొడవు తగ్గిస్తే మోయడం సులభమని కొందరి ఊహ. 1959 నాటి ఆయుధ చట్టం దానిని ప్రత్యేకంగా నేరంగా పేర్కొన్నది. లైసెన్సు లేనిదే తుపాకి తయారు చేయరాదు, మరమ్మతు చేయరాదు, రూపు మార్చరాదు. ఆ చట్టమే, నిజమైన పంటకాపలాకు మందు తుపాకిని ప్రత్యేకంగా పేరెత్తి లైసెన్సుకు అర్హం చేసినది. రైతు అవసరాన్ని శాసనం కాదనలేదన్నమాట. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత, చేనిలో పడిన అడవిపందినైనా అనుమతి లేనిదే చంపరాదు. కనుక నేడు ఆ తుపాకి చాలావరకు దూలానికి వ్రేలాడే వస్తువే. పైగా మన మన్యంలో తుపాకి మాట తేలికైనది కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పులలో ఇద్దరు గిరిజనులు మరణించిన పిమ్మట శ్రీకాకుళం కొండలు చూచిన సంవత్సరాలను పెద్దవారు మరువలేదు.

చలికాలానికీ ఈ తుపాకికీ మరొక వైరం ఉన్నది. మందు కాలిన తరువాత గొట్టంలో మిగిలే మసి, గాలిలోని చెమ్మను పీల్చుకొంటుంది. మంచు రాత్రులలో ఆ చెమ్మ ఇనుమును తినివేస్తుంది. అందుకే కాల్చిన వెంటనే వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పూయడం పాతవారి పద్ధతి. పైన ఇత్తడి మెరుస్తూ ఉండగా లోపల గొట్టం పుచ్చిన పన్ను వలె ఉండవచ్చును. పై మెరుగు చూచి లోపలి బలాన్ని అంచనా వేసినవారి వేళ్ళు పోయిన సంగతి మేమెరుగుదుము.

మళ్ళీ చలిమంట దగ్గరకు వద్దాము. లోపల ఉన్నదీ లేనిదీ తెలుసుకొనేందుకు పాతవారికి ఒక ఉపాయం ఉండేది. వట్టి గొట్టంలో గజం అడుగంటా దిగినప్పుడు, మూతి దగ్గరకు వచ్చేచోట గజంమీద ఒక గాటు పెట్టేవారు. ఆ గాటు మూతికి పైగా తేలితే లోపల ఏదో ఉన్నట్లు. మా మిత్రుడు మసి తుడిచి చూడగా తాతగారు పెట్టిన గాటు ఉండనే ఉన్నది. మూతిని చీకటిచేనువైపు త్రిప్పి, అందరినీ మంటకు ఆవలిప్రక్కకు పొమ్మని, గజాన్ని మెల్లగా జారవిడిచినాడు. గాటు జానెడు పైన నిలిచిపోయినది.

ఆ రాత్రి ఎవరూ దాని జోలికి పోలేదు. తల్లిగారు తాళం చెవి కొంగున ముడివేసుకొన్నారు. మరునాడు దానిని పట్నంలో లైసెన్సు కలిగిన మరమ్మతుదారుకు అప్పగించినారు. పైన కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూడు వచ్చినదట. దాని క్రింద పీలిక, రవ్వలు, మళ్ళీ పీలిక. అన్నిటికన్న అడుగున తాతగారు పోసిన మందు. అది ఏ పందికోసం పోసినదో చెప్పేవారు లేరు. లతలు చెక్కిన వడ్రంగి మాత్రం ఈ వార్త విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదని మా మిత్రుడు వ్రాసినాడు. పది రోజులు అతడు దానిని ఒడిలో పెట్టుకొని పని చేసినాడు.