గీత దాటిన చీరాల

చీరాల, పేరాల నేతగాళ్ళ వీధుల్లో గుంటమగ్గం ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంట్లో నేలను తవ్వి చేసిన గుంట, దాని అంచున కూర్చున్న నేతగాడు. కాళ్ళు గుంటలోని పలకలను తొక్కుతుంటే, పైన నాడె పడుగు దారాల మధ్య అటూ ఇటూ దూసుకుపోతుంది. మగ్గం కొయ్యలను విప్పి బండికెక్కించవచ్చు. గుంటను మాత్రం మోసుకుపోలేం, వెళ్ళిన చోట మళ్ళీ తవ్వుకోవాల్సిందే. 1921 వేసవిలో ఈ జంట ఊళ్ళు ఎంత పనికి పూనుకున్నాయో తెలియాలంటే ముందు ఈ గుంటను చూడాలి.

అంతకుముందు చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి స్థానిక పాలన కోసం ఒక యూనియన్‌గా ఉండేవి. ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను మునిసిపాలిటీగా మార్చాలని నిర్ణయించింది. దాంతో పన్నుల భారం 40,000 రూపాయల దాకా పెరిగే పరిస్థితి వచ్చిపడింది. ఒక ఊరు మునిసిపాలిటీ కావాలో వద్దో తేల్చే అధికారం చట్టప్రకారం సర్కారుదే. అక్కడ బతికేవాళ్ళ సమ్మతితో దానికి పని లేదు. మాది ఇసుక నేల, మురుగు నిలవదు, బావుల్లో మంచినీళ్ళున్నాయి, ఈ హంగులన్నీ మాకెందుకని జనం అర్జీలు పెట్టుకున్నారు. సర్కారు వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు, జనం పన్ను కట్టడం మానేశారు. కట్టనివాళ్ళను జైలుకు పంపారు. వాళ్ళలో రావూరి అలివేలు మంగమ్మ అనే వృద్ధురాలు కూడా ఉంది. ఆంధ్రలో రాజకీయ పోరాటంలో జైలుకెళ్ళిన తొలి మహిళగా ఆమెను చెప్పుకుంటారు. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

ఈ జనానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి ‘అభినయ దర్పణం’ను ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడు ఆయన. అలాంటి మనిషి ఊళ్ళో యువకులను కూడగట్టి ‘రామదండు’ను నిలబెట్టాడు. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. అహింస తప్పకుండా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరే ఖాళీ చేయడం మరో దారి అన్నారు. కాంగ్రెస్ మీద ఆధారపడకుండా మీ బలం మీదే నిలవాలని కూడా చెప్పారు.

జనం రెండో దారి పట్టారు. మునిసిపాలిటీకి ఒక సరిహద్దు గీత ఉంటుంది కదా, దాని పన్నులు ఆ గీత లోపలే చెల్లుతాయి. అయితే గీత అవతలే ఉంటాం అన్నారు. 15,000 పైచిలుకు జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో పొలిమేర దాటారు. అక్కడ వెలసిన గుడిసెల ఊరికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. సర్కారు గీసిన గీతనే సర్కారుకు అడ్డం తిప్పిన ఈ ఆలోచన ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురమే.

పదకొండు నెలలు అలా గడిచాయి. కోస్తా ఎండ, ఆపైన వాన, గుడిసె బతుకు. అందులో నేతపని చేసేవాళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు, వానకు గుంటలో నీరు ఊరితే మగ్గం ఆడదు, మగ్గం ఆడకపోతే కూలి లేదు. ఇంతలో బరంపురంలో ప్రసంగించవద్దన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలుశిక్ష పడింది. ఆయనను తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు దూరమై, చేతిలో డబ్బు ఆడక, 1922లో జనం ఒక్కొక్కరే ఇళ్ళకు మళ్ళారు. పన్ను కట్టక తప్పలేదు. దీన్ని ఓటమి అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. ఊరికి ఊరే పదకొండు నెలలు మాట మీద నిలబడిన ఉదంతాలు మన చరిత్రలో ఎన్నో లేవు. గోపాలకృష్ణయ్య 1928లో, నలభై ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూశాడు.

చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. విజయవాడ-చెన్నై రైలు మార్గంలోని చీరాల స్టేషన్లో దిగితే నేతపేటలకు ఆటోలో వెళ్ళవచ్చు. ఆ రోజుల గురించి చదవాలనుకునేవాళ్ళు పక్కనే ఉన్న వేటపాలెం వెళ్ళాలి. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే ఉంది. పాత తెలుగు పత్రికల సంపుటాలతోపాటు గాంధీజీ చేతికర్రనూ అక్కడ చూడవచ్చు. సాయంత్రం మిగిలితే వాడరేవు సముద్రతీరం చీరాలకు దగ్గరే.