మీకు తెలుసా? మిక్సింగ్‌లో కంటి పెత్తనం

ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ ఈక్వలైజర్‌లో గ్రాఫ్ స్కేలును 3 డెసిబెల్స్‌కు గానీ 30కి గానీ పెట్టుకోవచ్చు. గొంతుకు ఇచ్చిన 2 డెసిబెల్స్ పెంపు మొదటిదాంట్లో కొండంత కనిపిస్తుంది, రెండోదాంట్లో గీత కాస్త ఉబ్బుతుంది, అంతే. వినపడేది ఒకటే అయినా, కొండను చూసిన చెయ్యి తగ్గించడానికే పోతుంది. 1950ల నాటి పల్‌టెక్ ఈక్వలైజర్‌ను అనుకరించే చాలా ప్లగిన్లలో గ్రాఫే ఉండదు, నాబ్‌ల చుట్టూ 0 నుంచి 10 దాకా అంకెలు తప్ప. బేస్‌ను పెంచే నాబ్‌నూ తగ్గించే నాబ్‌నూ కలిపి తిప్పితే అడుగున నిండుదనం, దాని పైన చిన్న పల్లం వస్తాయి. గ్రాఫ్ మీద గీసేవారికి ఈ వంపు తట్టడం అరుదు.

అలాగని గ్రాఫ్ దండగ కాదు. చిన్న స్పీకర్లలో వినపడని 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ను పట్టించేది అదే. దాన్ని కోసేశాక గొంతు పలచబడిందో లేదో మాత్రం ఆ తెర చెప్పలేదు.