బొమ్మ వెనుక లెక్క

కెమెరా పట్టిన దృశ్యం చూచేవారికి ఒక బొమ్మ. కంప్యూటరుకు మాత్రం అది అంకెల పట్టిక. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలలోని ఫోటో స్టూడియోలలో పెండ్లి ముహూర్తాల కాలం వచ్చిందంటే వేల కొలది చిత్రాలను సరిదిద్ది ఆల్బములుగా కూర్చవలసి ఉంటుంది. అప్పుడే ఈ పట్టిక బరువు తెలుస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా తీసిన ఒక్క చిత్రంలో అడ్డంగా 6000, నిలువుగా 4000, మొత్తం 2 కోట్ల 40 లక్షల గడులు ఉంటాయి. ప్రతి గడికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల పాళ్ళను తెలిపే మూడు సంఖ్యలు ఉంటాయి. పెండ్లికూతురి చెంపమీది నీడను కొంచెం తగ్గించడమంటే ఆ సంఖ్యలలో కొన్ని లక్షలను మార్చి వ్రాయడమే.

ఆల్బము పుట ఒక్క చిత్రంతో ముగియదు. పందిరి ఒక పొర, దంపతులు ఒక పొర, పూలదండలు ఒక పొర, అక్షరాలు మరొక పొర. పారదర్శకతను తెలిపే నాలుగవ సంఖ్యను కూడా కలుపుకొని, ఒక్కొక్క సంఖ్యకు రెండు బైట్లు కేటాయిస్తే, పై కొలత గల ఒక పొరకు 19 కోట్ల 20 లక్షల బైట్లు కావాలి. ఇటువంటివి ఇరవై పొరలైతే దాదాపు 384 కోట్ల బైట్లు. 32 బిట్ల విధానంలో వ్రాసిన ప్రోగ్రాము నేరుగా గుర్తించగల జ్ఞాపకశక్తి 4 జి.బి. మాత్రమే కనుక, ఆ ఒక్క పుటతోనే ఇంచుమించు హద్దు వచ్చేస్తుంది. నోల్ సోదరులు రూపొందించగా 1990లో అడోబీ సంస్థ విడుదల చేసిన ఫోటోషాప్, విండోస్ కంప్యూటర్లలో ఈ హద్దును దాటినది 2008లో 64 బిట్ల రూపం వచ్చిన తరువాతనే. అంతవరకు యంత్రంలో ఎంత జ్ఞాపకశక్తిని అమర్చినా ప్రోగ్రాము దానిని పూర్తిగా వాడుకోలేకపోయేది.

జ్ఞాపకశక్తి చాలనప్పుడు ప్రోగ్రాము ఆగిపోదు. మిగిలిన అంకెలను డిస్కు మీద వ్రాసి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. బల్లమీద చోటు లేక కాగితాలను పక్కగదిలోని బీరువాలో పెట్టి మాటిమాటికి లేచి వెళ్ళడం వంటిది ఇది. తిరిగే పళ్ళెం గల హార్డుడిస్కులో ఈ రాకపోకలకు చాలా సమయం పడుతుంది. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. వచ్చిన తరువాత బీరువా బల్ల పక్కకే జరిగినట్లయింది. పాత కంప్యూటరు మందగించినదని ప్రాసెసరును నిందించే సందర్భాలలో చాలావరకు దోషం ప్రాసెసరుది కాదు, బీరువాది.

ఇక ప్రాసెసరు సంగతి. దాని గడియార వేగాన్ని ఏటేటా పెంచుకుంటూ పోయిన తయారీదారులకు 2005 ప్రాంతంలో వేడి అడ్డు నిలిచింది. అప్పటి నుండి ఒకే ప్రాసెసరులో రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు కోర్లను అమర్చడం మొదలైంది. ఎనిమిది కోర్లుంటే పని ఎనిమిది రెట్లు వేగంగా జరగాలి కదా అనిపిస్తుంది. అట్లా జరగదు. కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువు పట్టుబడి రోజును తలచుకుంటే కారణం సులభంగా బోధపడుతుంది. వల లాగడానికి, చేపలను ఏరడానికి, ఐసు వేసి పెట్టెలలో సర్దడానికి ఎంతమంది కూలీలు వస్తే అంత త్వరగా పని సాగుతుంది. కాని కాటా ఒక్కటే అయితే ప్రతి పెట్టె దాని ముందు వరుసలో నిలవవలసినదే. కూలీలను రెట్టింపు చేసినా లారీ రెట్టింపు త్వరగా కదలదు.

1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటరు నిపుణుడు ఈ విషయాన్నే సూత్రంగా చెప్పాడు. పది నిమిషాల పనిలో ఎనిమిది నిమిషాలది పంచుకోదగినది, రెండు నిమిషాలది పంచుకోరానిది అనుకుందాం. ఎనిమిది కోర్లతో అది మూడు నిమిషాలకు దిగుతుంది. పదహారు కోర్లు పెట్టినా రెండున్నర నిమిషాలు తప్పదు. ఎంత ఖర్చు పెట్టినా రెండు నిమిషాల లోపునకు రాదు. చిత్రమంతటా వెలుగు పెంచడం పంచుకోదగిన పని. ఒక గడితో మరొక గడికి నిమిత్తం లేదు. ఒక మెట్టు ఫలితం తేలిన తరువాతనే రెండవ మెట్టు మొదలయ్యే పనులు కాటా వంటివి.

పంచుకోదగిన పనికి గ్రాఫిక్స్ కార్డు మరింత అనువైనది. అందులో చిన్న చిన్న గణన విభాగాలు వేల సంఖ్యలో ఉంటాయి. 2023లో అడోబీ లైట్‌రూమ్‌లో చేరిన డీనాయిజ్ అనే సాధనం, చీకటిలో తీసిన చిత్రంలోని గరుకుదనాన్ని పోగొట్టడానికి ప్రధానంగా ఈ కార్డు మీదనే ఆధారపడుతుంది. దానిని వాడుకునేట్లు ప్రోగ్రాము వ్రాయనిచో ఎంత ఖరీదైన కార్డైనా ఊరకనే కూర్చుంటుంది.

ఇదే లెక్క స్టూడియో గది దాటి కొల్లేటి మీదికి కూడా వచ్చింది. 1997లో శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1డి ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా నేలను 23.5 మీటర్ల గడులుగా చూచేది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు ఆ చిత్రాలను కంప్యూటరుపై విశ్లేషించి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతాన్ని చేపల చెరువులు ఆక్రమించాయని 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వెల్లడించారు. వింత ఏమిటంటే, ఆ గడులలో సరస్సు మొత్తం సుమారు 4 లక్షల 44 వేలు మాత్రమే. పెండ్లి ఫోటో ఒక్కదానిలో అటువంటి కొల్లేళ్ళు యాభైకి పైగా ఇముడుతాయి. ఒక మీటరు గడులుగా చూస్తే మాత్రం అదే సరస్సు 24 కోట్ల 50 లక్షల గడులవుతుంది. గడి సగమైతే లెక్క నాలుగింతలు. పెద్ద కంప్యూటర్ల అవసరం ఇక్కడే కలుగుతుంది.

అయితే ఏ గడి ఏమిటో నిర్ణయించడం వేగంతో తేలే పని కాదు. 1999లో ఐదు అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఆ హద్దులోని చెరువుల గట్లను తెగగొట్టారు. గట్టు తెగిన చెరువుమీద బ్రతికిన కుటుంబానికి, బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు నీటికి చోటు లేక మునిగే పల్లెకు, ఒక గడిని సరస్సు అన్నారా, చెరువు అన్నారా అన్నది చిన్న విషయం కాదు. చెరువు నీరూ సరస్సు నీరూ ఉపగ్రహ చిత్రంలో నల్లగానే కనిపిస్తాయి. గట్టు 23.5 మీటర్లకన్న సన్నమైనదైతే నీటితో కలిసి ఒకే గడిగా మారుతుంది. పచ్చని మొక్కలు పరారుణ కాంతిని ఎక్కువగా తిరిగి పంపుతాయి కనుక, ఆ కాంతికి ఎరుపును కేటాయించిన చిత్రంలో వరిచేనూ గుర్రపుడెక్కా రెండూ ఎర్రగానే ఉంటాయి. అందుచేత పరిశోధకులు స్వయంగా వెళ్ళి కొన్ని చోట్లను చూచి వస్తారు. లేదా దాళ్వా కోతల తరువాతి చిత్రాన్ని తెచ్చి పక్కన పెట్టి పోలుస్తారు. వరి ఉన్న గడి అప్పటికి రంగు మారి ఉంటుంది. గుర్రపుడెక్క ఉన్న గడి ఎర్రగానే నిలిచి ఉంటుంది.