వంద కోట్ల కార్డు వద్దు... మడతపడ్డ కార్డు ముద్దు!

ఒక అట్టముక్క. మన పేకముక్క కన్నా కాస్త పెద్దది. దాని మీద బ్యాట్ పట్టుకున్న ఓ కుర్రాడి బొమ్మ. 2022 ఆగస్టులో అమెరికాలో జరిగిన వేలంలో దానికి పలికిన ధర ఎంతో తెలుసా? 1 కోటీ 26 లక్షల డాలర్లు. అప్పటి లెక్కన మన రూపాయల్లో దాదాపు 100 కోట్లు!

ఆ కుర్రాడు న్యూయార్క్ యాంకీస్ జట్టు బేస్‌బాల్ వీరుడు మిక్కీ మాంటిల్. ఆ కార్డు 1952లో టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో పాటు వేసింది. ఐదు సెంట్లు పెడితే గమ్, కార్డులు కలిపి వచ్చేవి. పిల్లలు గమ్ నమిలేసి, కార్డులు గోడకేసి కొట్టి ఆడుకునేవాళ్లు, సైకిల్ చక్రం పుల్లలకు తగిలించి టపటపలాడించేవాళ్లు. తర్వాత వాళ్ల అమ్మలు ఇల్లు సర్దుతూ చెత్తబుట్టలో వేసేవాళ్లు. అదొక్కటే కాదు. ఆ ఏడాది మాంటిల్ కార్డున్న ఆఖరి విడత మార్కెట్లోకి వచ్చేసరికి సీజన్ అయిపోవచ్చింది, ఎవరూ కొనలేదు. గోడౌన్లో పడున్న సరుకును 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ సెట్‌ను రూపొందించిన సై బెర్గర్ స్వయంగా చెప్పుకున్నాడు. ఇప్పుడు తల పట్టుకుంటే ఏం లాభం!

మరి మామూలు జీతంతో బతికే అభిమాని సంగతేంటి? పాకెట్ మనీతో నెట్టుకొచ్చే కాలేజీ పిల్లాడి సంగతేంటి? వాళ్లు వేరే దారులు పట్టారు. నిజం చెప్పాలంటే అసలు మజా అక్కడే ఉంది.

మడతకు ధర తగ్గుతుంది, బొమ్మకు కాదు

పాత కార్డు ధరలో పెద్ద వాటా దాని కండిషన్‌దే. గ్రేడింగ్ కంపెనీలు మూలలు, అంచులు, బొమ్మ మధ్యలో ఉందా లేదా అన్నీ చూసి 1 నుంచి 10 వరకు మార్కులేస్తాయి. 100 కోట్ల మాంటిల్‌కు వచ్చింది 9.5. అదే కార్డు మూలలు అరిగి, మధ్యలో మడతపడి ఒకటో రెండో మార్కులు తెచ్చుకుంటే ధర ఎక్కడికో పడిపోతుంది. మాంటిల్‌ది అలా పడినా మనకు అందదు, అది వేరే సంగతి. కానీ 1960ల నాటి మామూలు ఆటగాళ్ల కార్డులు నలిగినవైతే రెండు మూడు డాలర్లకే దొరుకుతాయి. ఇలాంటి వాటిని కలెక్టర్లు ముద్దుగా 'బీటర్' అంటారు. వెనకాల ఏ పిల్లాడో పెన్నుతో రాసుకున్న పేరు ఉంటే గ్రేడర్లు మార్కులు కోస్తారు. నన్నడిగితే అలాంటి కార్డుకు ఓ డాలర్ ఎక్కువే ఇవ్వాలి.

రాబిన్సన్ దొరకలేదా? డోబీ ఉన్నాడు!

ఇంకో దారి... పెద్ద పేరును వదిలేసి, అదే కథలోని రెండో పేరును పట్టుకోవడం.

జాకీ రాబిన్సన్ పేరు వినే ఉంటారు. తెల్లవాళ్లకే పరిమితమైన మేజర్ లీగ్‌లో 1947 ఏప్రిల్ 15న అడుగుపెట్టి ఆ గోడను బద్దలుకొట్టిన నల్లజాతి ఆటగాడు. ఆయన పాత కార్డులు నలిగినవైనా సరే, చేతికందవు. 11 వారాలు దాటాక, జులై 5న, క్లీవ్‌లాండ్ తరఫున లారీ డోబీ దిగాడు. రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. డ్రెస్సింగ్ రూమ్‌లో పరిచయం చేస్తుంటే కొందరు సొంత జట్టువాళ్లే చెయ్యి కలపలేదు. రాబిన్సన్ పడిన అవమానాలే ఇతనూ పడ్డాడు, కాకపోతే కెమెరాలు అటువైపు ఉన్నాయి. మరుసటి ఏడాది వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో డోబీ కొట్టిన హోమ్ రన్‌తో క్లీవ్‌లాండ్ 2-1తో గెలిచింది. ఆ సంబరంలో డోబీ, తెల్ల పిచర్ స్టీవ్ గ్రొమెక్ చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫొటో అప్పట్లో దేశమంతా చూసింది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు మాత్రం 1998 దాకా రాలేదు.

అలాంటి మనిషి 1950ల నాటి అసలు కార్డు, రాబిన్సన్ కార్డు ధరలో చిన్న ముక్కకే దొరుకుతుంది. చరిత్ర తక్కువా? కాదు. పేరే తక్కువ!

పెద్ద పేరే కావాలంటే గ్రూపు కార్డులు చూడండి. 1967 టాప్స్‌లో విల్లీ మేస్, విల్లీ మెకోవీ కలిసున్న 'ఫెన్స్ బస్టర్స్' అనే కార్డుంది. మేస్ ఒక్కడే ఉన్న కార్డు కన్నా చవక. తిండి ప్యాకెట్లతో వచ్చినవీ ఉన్నాయి. 1960ల మొదట్లో పోస్ట్ సీరియల్ డబ్బా వెనక కార్డులు అచ్చేసేవాళ్లు, పిల్లలే కత్తెరతో కత్తిరించుకోవాలి. అందుకే వంకరటింకర అంచులు. 1970ల్లో కెలాగ్స్ డబ్బాల్లో త్రీడీ ప్లాస్టిక్ కార్డులు వచ్చాయి. అవి వంకర తిరుగుతాయి, పగుళ్లిస్తాయి, అయినా చూడ్డానికి భలే ఉంటాయి.

ఇక 1980ల చివర, 90ల మొదట్లోవి. కంపెనీలు ఎడాపెడా అచ్చేసిన ఆ కాలాన్ని 'జంక్ వ్యాక్స్' అని వెక్కిరిస్తారు. చెక్కలాంటి అంచున్న 1987 టాప్స్ సీల్డ్ ప్యాకెట్లు ఇప్పటికీ చవకే. లోపల గమ్ కూడా ఉంటుంది. దయచేసి తినకండి!

రీప్రింట్ తప్పు కాదు, అబద్ధమే తప్పు

బొమ్మ చాలు అనుకునేవాళ్లకు రీప్రింట్లున్నాయి. టాప్స్ కంపెనీయే 1983లో తన 1952 సెట్‌ను మళ్లీ వేసింది. 407 కార్డులకు గాను 402, అయిదుగురి విషయంలో ఒప్పందం కుదరలేదు. 1996లో మాంటిల్ పాత కార్డుల్లో 19 రీప్రింట్ చేసింది. 2001 నుంచి 'హెరిటేజ్' పేరుతో పాత డిజైన్లలో కొత్త ఆటగాళ్లను దింపుతోంది. ఇవన్నీ నిజాయతీ సరుకే.

గొడవంతా రీప్రింట్‌ను టీలో ముంచి, మూలలు రుద్ది, "మా తాతగారి అటకమీద దొరికింది" అని అమ్మేవాళ్లతోనే. కొనేముందు సైజు కొలవండి. 1952 అసలు కార్డు ఇప్పటి కార్డుల కన్నా అటూ ఇటూ కొంచెం పెద్దది. 1983 రీప్రింట్ ఇప్పటి సైజులోనే ఉంటుంది, వెనక రీప్రింట్ అని రాసి కూడా ఉంటుంది. చీకట్లో బ్లాక్‌లైట్ వేస్తే కొత్త కాగితం నీలంగా మెరుస్తుంది, ఆనాటి అట్ట మామూలుగా మెరవదు. భూతద్దంలో పాత అసలు కార్డు మీది అక్షరాలు నిండుగా కనిపిస్తాయి. ఫొటో తీసి అచ్చేసిన నకిలీలో అవీ చుక్కలుగా విడిపోతాయి. అమ్మేవాడు వెనకవైపు ఫొటో పంపనంటే ఆ బేరం వదిలేయండి.

ఇండియా నుంచి తెప్పించుకుంటే మూడు డాలర్ల కార్డుకు పోస్టేజీయే తడిసి మోపెడవుతుంది, కస్టమ్స్ వేరే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య అడ్రస్‌కు పెట్టించి, వాళ్లు వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెమ్మనడం మేలు. పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేసి, దాన్ని గట్టి కవర్లో దోపి తెమ్మని మాత్రం చెప్పండి. ఆవకాయ సీసా పక్కన పెట్టొద్దని కూడా... అది అటు వెళ్లేటప్పటి సరుకులెండి!